అతిమధురం

“ఆ ఒక్క మాట అనేస్తే నీ నోరేం అరిగిపోదు, నజ్లా.”

పొద్దున్నుంచి మిద్‌హత్ అంటున్నది ఇదే. మొదట బతిమాలుతున్నట్టు అన్నాడు. తర్వాత సర్దిచెబుతున్నట్టు అన్నాడు. ఇప్పుడు గొంతు లేచింది. బల్ల మీద ఫూల్ గిన్నె చల్లారిపోయి చిక్కుడుగింజల మీద నూనె తెట్టు కట్టింది. రొట్టె ఎవరూ తుంచలేదు.

నజ్లా ఒళ్ళో పసిది నిద్రపోతోంది. అది ఆమె ఆడపడుచు అబీర్ కన్న బిడ్డ. అబీర్ ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉన్నప్పటి నుంచి ఆ పిల్లకి ఒళ్ళంటే నజ్లా ఒళ్ళే.

“ఏ మాట? నేను కలపనిదాన్ని నేనే కలిపానన్న మాటా?” అంది, పిల్ల లేవకుండా మెల్లగా.

“కలిపావని ఎవరనమన్నారు? నువ్వు చూస్తుండగా కలిపారను. చాలు. నీకైతే మహా అయితే లైసెన్సు పోతుంది. అమ్మకైతే? లైసెన్సు లేకుండా రోగులకి మందు కలిపిందని రేపు కమిటీ వాళ్ళు రాస్తే కేసు నేరుగా ప్రాసిక్యూటర్ దగ్గరికి పోతుంది. ఈ వయసులో అమ్మని జైల్లో చూడాలనుందా నీకు?”

“మహా అయితే లైసెన్సు. ఎంత తేలిగ్గా అన్నావు. పాత చెప్పులు పోయినట్టు.”

“మనిషి కంటే ఎక్కువా ఆ కాగితం?”

“ఆ కాగితం కోసం నేనేం పడ్డానో నీకు తెలీదా? ఈ ఇంట్లో వంట చేసి, అంట్లు తోమి, మిగిలిన పొద్దులో చదివా. ఒకసారి తప్పితే మీ అత్తయ్యలందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. అయినా మళ్ళీ రాసి పాసయ్యా. దేవుడు పిల్లల్నివ్వలేదు. నాకంటూ పుట్టింది అదొక్కటే, మిద్‌హత్.”

మిద్‌హత్ కిటికీ వైపు తిరిగాడు. పిల్లల మాట వస్తే అతను కిటికీ వైపు తిరుగుతాడు, అది పాత అలవాటు. కానీ ఈసారి కిటికీలోనూ సుఖం లేదు. కింద వీధిలో వాళ్ళ మూలికల కొట్టు మూసి ఉంది. తలుపు సందు మీద ఎర్ర లక్క ముద్ర నెత్తుటి గడ్డలా అంటుకుని ఉంది. నిన్న ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి ముద్ర వేస్తుంటే మన్సూరాలోని ఆ వీధి వీధంతా నిలబడి చూసింది. చూసి ఊరుకుంటే వీధి ఎందుకవుతుంది? ‘అయ్యో పాపం’ అన్న మాటని తలో గొంతుతో అంది, కొన్ని గొంతుల్లో పండగ కూడా ఉంది.

ఆ కొట్టు మిద్‌హత్ తల్లి హాజ్జా బహీజాది. పసరు వాసన తప్ప బడి వాసన ఎరగని మనిషి. కడుపునొప్పికీ దగ్గుకీ ఆవిడ పొట్లం కడితే డాక్టరు చీటీ అక్కర్లేదని ఊరి నమ్మకం. కొన్నాళ్ళ కిందట కొత్త నిబంధన వచ్చింది. రోగులకి ఇలాంటి మిశ్రమాలు ఇచ్చే కొట్లో లైసెన్సున్న ఆహార నిపుణులు ఉండి తీరాలన్నారు. ఇంట్లోనే నిపుణురాలుండగా బయట వెతకడం దేనికని మిద్‌హత్ పెళ్ళాం లైసెన్సుకి బంగారు రంగు చట్రం కట్టించి తక్కెడ పైన గోడకి తగిలించాడు. నజ్లా వద్దనలేదు. ఇంట్లో శాంతి కోసమని ఒప్పుకుంది. శాంతి కోసం ఒప్పుకున్న పనులే తర్వాత ఇంటికి నిప్పు పెడతాయని అప్పుడు ఎవరు చెప్పినా వినేది కాదు.

ఆమె పని చేసేది ఊరి అవతల ఒక క్లినిక్కులో. కొట్టుకి వచ్చేది గురువారాలు సాయంత్రం, టీ తాగడానికి. మిగతా రోజులు గోడ మీద లైసెన్సు ఉండేది, కింద మనిషి ఉండేది కాదు.

కాలింగ్ బెల్ మోగింది. పసిది ఉలిక్కిపడింది.

వచ్చింది ఫథీ. అబీర్ మొగుడు, ఈ పసిదాని తండ్రి, ఫిర్యాదు ఇచ్చినవాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, మనిషి సగమయ్యాడు. బిడ్డని చూసిపోదామని వచ్చాడు గానీ బిడ్డ మొహం చూసేసరికి లోపల ఉన్నదంతా పొంగుకొచ్చింది.

“ఎలా ఉంది అబీర్?” అంది నజ్లా.

“ఎలా ఉంటుంది? అలాగే ఉంది. మెదడులో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. బీపీ ఒక్కసారిగా పెరిగిపోయి నరం చిట్లిందన్నారు. ఏం తాగిందని అడిగారు. మొఘాత్ అని చెప్పా. తెచ్చివ్వమంటే తెచ్చిచ్చా. అందులో అతిమధురం గుప్పెళ్ళతో వేసి ఉందన్నారు, అది బీపీ పెంచుతుందన్నారు.”

మొఘాత్ అంటే ఆ ఊళ్ళో బాలింత నోటికి మొదట అందేది. ఆ వేరు పొడిని నేతిలో వేయించి, పంచదార పోసి, చిక్కగా కాస్తారు. ఒళ్ళు గట్టిపడుతుందనీ పాలు పడతాయనీ తాగిస్తారు. హాజ్జా తన కూతురికి తానే రోట్లో దంచి, తానే కాచి, రోజూ కుండెడు పంపింది. పంచదార బదులు అతిమధురం వేసింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. హాజ్జా నమాజు చాపని మడత పెట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. అల్లుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“రా, నాయనా. కూర్చో. టీ తాగు.”

“మీ చేతి టీయా, అత్తమ్మా?” అన్నాడు ఫథీ. “మీ చేత్తో ఇచ్చింది తాగే కదా అది అక్కడ పడుకుంది. ఎందుకే అంత తాగుతావు అంటే, మా అమ్మ చేతిది, విషమైనా తాగుతా అనేది. నవ్వుతూ అనేది.”

“ఫథీ, నోరు జాగ్రత్త,” అన్నాడు మిద్‌హత్.

“నువ్వుండు,” అంది హాజ్జా కొడుకుతో. ఆవిడ గొంతులో కోపం లేదు. “అతనికి అనే హక్కుంది. అననీ. ఒక్కటి అడుగుతా చెప్పు, నాయనా. దానికి బీపీ గానీ ఉండేదా? కడుపుతో ఉన్నప్పుడు?”

“ఇప్పుడు తప్పు దాని మీదకి తోస్తారా? బీపీ ఉంటే కట్టుకున్నవాణ్ణి నాకు తెలీదా? రాయిలా ఉండేది. రాయిలా ఉన్నదాన్ని మిమ్మల్ని నమ్మి మీ చేతుల్లో పెట్టా.”

హాజ్జా తలూపింది. “అదే నేనూ అనుకుంటున్నా. ఉంటే నాకైనా చెప్పేది.”

నజ్లా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

ఎందుకంటే ఉంది. అబీర్‌కి ఏడో నెల నుంచీ బీపీ ఉంది. ఆ సంగతి అబీర్‌కి తెలుసు, నజ్లాకి తెలుసు. చూసిన డాక్టరమ్మది వేరే ఊరు.

అబీర్‌కి అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. రెండుసార్లూ నెల తప్పగానే ఇంటింటికీ మిఠాయి పంచారు, రెండుసార్లూ పంచిన మిఠాయి కరగకముందే పోయింది. కన్ను పడిందంది అబీర్. మూడోసారి పొట్ట దాచలేని దాకా ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నజ్లా క్లినిక్కుకి కాళ్ళు వాచిపోయి వచ్చింది. బీపీ చూసి నజ్లా కంగారు పడితే, ఆమె చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. “అమ్మకి చెప్పకు వదినా. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధంతా నా పొట్ట వంక జాలిగా చూస్తుంది. ఫథీకి చెబితే వాళ్ళమ్మకి చెబుతాడు. ఆ జాలి చూపులకే నా బిడ్డలు పోయారు. ఇది కూడా పోతే నేను బతకను.”

నజ్లా పక్క ఊళ్ళో డాక్టరమ్మకి చూపించి మాత్రలు ఇప్పించింది. ఒట్టు నిలబెట్టుకుంది. ఇంట్లో మాత్రం, “అబీర్‌కి షుగర్ కొంచెం ఎక్కువుంది, పంచదార తగ్గించండమ్మా,” అంది. షుగర్ ఇంటింటా ఉన్నదే కదా, దానికెవరి కన్నూ పడదు. పంచదార వద్దంటే హాజ్జా ఏం వేస్తుంది? షుగర్ ఉన్నవాళ్ళకి పంచదార బదులు అతిమధురం కలపొచ్చని కొట్లో టీ తాగుతూ చెప్పింది కూడా నజ్లానే. ఆ రెండు మాటలూ తనవే. ఆ రెండూ ఒకచోట కలుస్తాయని ఆమెకి తట్టలేదు.

కాదు, తట్టింది. అక్కడే ఉంది ఆమె గుండె కోత.

పిల్ల పుట్టిన ఏడో రోజు వేడుకకి నజ్లా క్లినిక్కు నుంచి అబీర్ ఇంటికి ఆలస్యంగా వెళ్ళింది. ఇల్లంతా చుట్టాలు. జల్లెడలో పసిదాన్ని పడుకోబెట్టారు, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తున్నారు, అబీర్ ధూపం పొగలో బిడ్డ మీదుగా దాటుతోంది. ఎవరో నజ్లా చేతిలో మొఘాత్ కప్పు పెట్టారు. ఒక గుక్క తాగగానే నాలుకకి తెలిసిపోయింది, ఇది పంచదార తీపి కాదని. అబీర్ చేతిలోనూ కప్పుంది. ఆ నిమిషంలో ‘తాగకు’ అంటే చాలు. కానీ ఎందుకు తాగకూడదని పదిమంది ఆడవాళ్ళు అడుగుతారు. ఒట్టు పోతుంది, కన్ను పడుతుంది, వేడుక చెడుతుంది. ఒక్క కప్పుకి ఏం కాదులే, అందరూ పోయాక చెబుతాను అనుకుంది. అందరూ పోయేసరికి తలనొప్పి పట్టుకుని ఇంటికి వచ్చి పడుకుంది. తను క్లినిక్కులో ఉండగా హాజ్జా రోజూ కుండ పంపుతోందని ఆమెకి తెలీదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.

ఫథీ బిడ్డ నుదుటిని ఒక్కసారి ముట్టుకుని, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వంటింట్లో హాజ్జా ఇత్తడి రోలు తోముతోంది. తోమిందే తోముతోంది. నజ్లా పిల్లకి పాలు కలపడానికి వచ్చి, వెనక్కి పోదామనుకునేలోపు హాజ్జా చూసింది.

“ఇలా రా, తల్లీ. వాడి మాటలు పట్టించుకోకు. రేపు నువ్వు అక్కడ ఏమీ మాట్లాడొద్దు.”

“అమ్మా, మిద్‌హత్ అంటున్నాడు...”

“వాడు కన్నతల్లి అని అంటాడు. నేను నీకూ ఒక తల్లినే కదా. రోలు నాది, చెయ్యి నాది, కూతురు నాది. మధ్యలో నీ పేరెందుకు? నువ్వు ఆ పరీక్షకి కూర్చున్న రోజుల్లో నేను నిన్ను ఎంత ఏడిపించానో నాకు గుర్తుంది. ‘దొక్తోరా గారూ, డాక్టరమ్మగారూ, పులుసు మాడింది’ అని వెక్కిరించేదాన్ని. అప్పుడు ఏడిపించింది చాలు. కొట్లో గోడ మీది నీ లైసెన్సు తీసేసుకుంటామని నిన్న వాళ్ళని అడిగా. లక్క వేశాక లోపలికి పోకూడదన్నారు.”

నజ్లా పాల సీసా కింద పెట్టింది.

“ఒక్కటే నాకు మింగుడు పడదు,” అంది హాజ్జా. “బీపీ ఉన్నవాళ్ళకి అతిమధురం పడదని నాకు తెలీదా? రంజాన్‌లో వీధిలో అతిమధురం నీళ్ళమ్మేవాడు కూడా ముసలాళ్ళని అడిగి మరీ పోస్తాడు. నేను నా కూతురికి చూసుకోకుండా పోస్తానా? దానికేం లేదు కాబట్టే పోశా. నీతో అన్నీ చెప్పుకునేది అది. నాతో చెప్పనివి కూడా. చెప్పు తల్లీ, ఏమీ లేదు కదా?”

కుళాయి నీళ్ళు రోట్లో పడుతున్నాయి. కట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ ఆ ముసలి కళ్ళలోకి చూసి, ‘మీ కూతురు మీ నోటికి భయపడి మీకు చెప్పలేదు, నేను మీ కూతురికి భయపడి మీకు చెప్పలేదు’ అని ఎలా అనడం?

“నాకు తెలీదు, అమ్మా,” అంది నజ్లా.

హాజ్జా పెద్దగా ఊపిరి వదిలింది. “అయితే దేవుడి రాత. నా చేత్తో రాయించాడు.” తడిచేత్తో కోడలి చెంప నిమిరింది. ఆ తడి ఆరేదాకా నజ్లా అక్కడే నిలబడింది.

మర్నాడు ఆరోగ్యశాఖ కార్యాలయంలో వాళ్ళని చాలాసేపు నడవాలో కూర్చోబెట్టారు. పిల్లని వదిలి రావడానికి ఇంట్లో ఎవరూ లేక నజ్లా వెంట తెచ్చుకుంది. మిద్‌హత్ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మాటలు అయిపోయి కాదు, అన్నీ చెప్పేసి జవాబు కోసం చూస్తున్నాడు.

లోపల కమిటీ తరఫున విచారించింది సుహైర్ అనే పెద్దావిడ. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది, మాట మాత్రం మెత్తన. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు.

“కలిపింది ఎవరు, హాజ్జా?”

“నేనే, తల్లీ. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చూడలేదు.”

“మేడమ్, అలా కాదు,” అన్నాడు మిద్‌హత్ ముందుకి వంగి. “కొట్లో ఉన్న లైసెన్సు మా ఆవిడది. అక్కడ ఆవిడ చూడకుండా ఏదీ జరగదు. అమ్మకి భయమేసి ఏదో అంటోంది.”

సుహైర్ కళ్ళజోడు పైనుంచి నజ్లాని చూసింది. “దొక్తోరా, కలిపేటప్పుడు మీరు అక్కడున్నారా?”

“లేను,” అంది నజ్లా.

మిద్‌హత్ కుర్చీలో వెనక్కి పడ్డాడు. హాజ్జా మాత్రం, కోడలు మంచిపని చేసినట్టు, తల కాస్త ఊపింది. నజ్లా అన్నది నిజమే. ఆ నిజంతో ఆమె ఇప్పుడే లేచి ఇంటికి పోవచ్చు. పేరు గోడ మీద పెట్టి మనిషి లేనందుకు కొన్నాళ్ళు లైసెన్సు ఆపుతారు, మళ్ళీ ఇస్తారు. ఉద్యోగం ఉంటుంది. అబీర్ లేవకపోతే ఇంకెవరికీ ఎప్పటికీ ఏమీ తెలీదు. ఈ ఆఖరి మాట మనసులోకి రాగానే నజ్లాకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆడపడుచు లేవకూడదని లోపల ఏ మూలో కోరుకున్నట్టయింది కదా.

“బాలింతకి ముందు నుంచి బీపీ ఉందా?” అంది సుహైర్.

“లేదు,” అంది హాజ్జా. “కన్నదాన్ని. నాకు తెలీదా?” ఒక్క క్షణం ఆగి, “కానీ రాయించండి. ఉందేమోనని అడగాల్సింది, అడగలేదు. పది ఊళ్ళ వాళ్ళని అడుగుతా గానీ నా కూతుర్ని అడగలేదు. తప్పు నాదే అని రాయించండి,” అంది.

గుమాస్తా రాసింది చదివాడు. తల్లి నిర్లక్ష్యం, లైసెన్సు లేకపోవడం, ప్రాసిక్యూటర్‌కి నివేదిక. మాటలన్నీ పొడి మాటలు. హాజ్జా శ్రద్ధగా వింది, తనది కాని చదువు వింటున్నట్టు. వేలిముద్ర వేయమని సిరా డబ్బీ ముందుకి జరిపారు. ఆవిడ బొటనవేలు నల్లగా అద్దుకుని కాగితం మీదకి వంగింది.

“ఆగండి,” అంది నజ్లా.

హాజ్జా వేలు గాలిలో ఆగింది.

“బీపీ ఉంది. ఏడో నెల నుంచి ఉంది. మాత్రలు నేనే ఇప్పించా. ఈవిడకి తెలీదు. ఎవరికీ తెలీదు. పంచదార వద్దన్నది నేను. అతిమధురం కలపొచ్చని ఒకప్పుడు చెప్పింది నేను. ఏడో రోజు వేడుకలో నేనూ తాగా. తాగగానే తెలిసింది. అబీర్ చేతిలో కప్పుంది. వద్దని అనలేదు.”

గుమాస్తా కలం ఆగిపోయింది. “నజ్లా,” అన్నాడు మిద్‌హత్. నిన్నటి నుంచి ఏ మాట కోసం పీక మీద కూర్చున్నాడో అంతకంటే పెద్ద మాట వచ్చేసరికి కుర్చీలోంచి సగం లేచి అక్కడే ఆగాడు.

సుహైర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “దొక్తోరా, ఇంతవరకూ ఇది లైసెన్సు సంగతి. మీరన్నది రాస్తే లైసెన్సుతో ఆగదు. వకీలుతో మాట్లాడాక చెబుతారా?”

“రాయండి,” అంది నజ్లా.

హాజ్జా మెల్లగా తిరిగి కోడలి వైపు చూసింది. కోపం ఉంటే బావుండునని నజ్లాకి అనిపించింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. దారి తప్పి, తెలిసిన మనిషనుకుని ఎవరి చెయ్యో పట్టుకుని, అప్పుడే మొహం గమనించినట్టు చూసింది.

“నిన్న అడిగాను,” అంది.

నజ్లా పసిదాని మీది గుడ్డ సర్దింది.

హాజ్జా లేచింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వచ్చి, నజ్లా ఒళ్ళోంచి పసిదాన్ని రెండు చేతులా తీసుకుంది. బొటనవేలి సిరా తెల్ల గుడ్డ మీద మచ్చ పడింది, ఆవిడ చూసుకోలేదు. గది ఆ చివర గోడవారగా ఉన్న కుర్చీలో వెళ్ళి కూర్చుంది.

గుమాస్తా కొత్త కాగితం తీశాడు. “పేరు చెప్పండి,” అన్నాడు నజ్లాతో.

పసిదానికి ఆ ఒళ్ళు కొత్త. గుక్కపట్టి ఏడవసాగింది. నజ్లా చేతులు వాటంతటవే ముందుకి సాగాయి. హాజ్జా పిల్లని గుండెకి ఇంకా గట్టిగా హత్తుకుని, మొహం గోడ వైపు తిప్పేసుకుంది.